పిడి లేని కుళాయి

నోటి తొందర మా ఇంటి జబ్బు. అరకులోయకి మంచినీళ్ల ఇంజనీరుగా వెళ్లిన మొదటి ఏడాది, ఆ జబ్బు వల్లే నా పేరు పోగొట్టుకోబోయాను.

ముంచింగిపుట్టు రోడ్డు మీద బస్సు దిగి గంటసేపు కొండెక్కితే వచ్చే ఊరది. ఇళ్లన్నీ వాలు మీద ఒకదాని కింద ఒకటి ఉంటాయి. పైన కొండలో ఊట ఉంది. ఆ నీటిని తొట్టిలోకి పట్టి, పైపులో దింపి, పదిహేను ఇళ్లకి కుళాయిలు పెట్టాలి. వాడిన నీటికి ఇంకుడు గుంతలు తవ్వాలి. మోటారు లేదు, కరెంటు అక్కర్లేదు, నీరు దానంతటదే దిగుతుంది. కాగితం మీద అంత సులువైన పని ఇంకోటి లేదు.

పైపు కోసం ఎవరింటి ముందు వాళ్లే తవ్వుకోవాలని ఊరంతా అనుకున్నారు. అందరికన్నా కింద, ఊరి చివర, ఒక మామ్మ ఒంటరిగా ఉండేది. మోకాలు వాచి ఉన్నా తన వంతు తనే తవ్వింది. నీళ్లకి రోజూ ఇంకా కిందనున్న గెడ్డలోకి, అంటే కొండవాగులోకి, దిగేది. పోయిన వానాకాలం అక్కడే జారిపడిందట. "ఈ వానలకి మళ్లీ పడితే ఇంక లెగను" అని నవ్వుతూ చెప్పింది. ఆ నవ్వు చూశాక నా నోరు ఆగలేదు.

"వచ్చే సంతరోజుకి నీ గుమ్మంలో నీళ్లు పడకపోతే నా పేరు మార్చుకుంటాను మామ్మా" అన్నాను.

"అలాగైతే మంచి పేరెట్టుకో మేడమ్మా" అంది.

సంతరోజు వచ్చింది. పైనుంచి ఒక్కో కుళాయి విప్పుతూ దిగాం. పై ఇళ్లకి ధారగా పడ్డాయి, నడిమి ఇళ్లకి సన్నగా వచ్చాయి. మామ్మ కుళాయి రెండుసార్లు దగ్గి ఊరుకుంది. పైపులో తప్పుందని అందరి ముందూ, దాన్ని వేసిన ఫిట్టరు మీద ఎగిరాను. పాపం అతను గాలి పట్టిందేమోనన్నాడు. నాలుగు రోజులు తవ్వాం, అతుకులు విప్పాం, మళ్లీ బిగించాం. ఎక్కడా ఏ లోపమూ లేదు. పొద్దున్నే మామ్మ నాకు చోడంబలి ఇచ్చి, "ఇవేళ ఏ పేరుతో పిలవాల?" అని అడిగేది. తాగి తలొంచుకుని పోయేదాన్ని.

అయిదో రోజు అలిసిపోయి, అన్నిటికన్నా పైనున్న ఇంటి అరుగు మీద కూలబడ్డాను. ఎదురుగా కుళాయి ధారగా పారుతోంది, కింద బిందె లేదు. మరిచిపోయారేమో అనుకున్నాను. కిందికి చూస్తే రెండో ఇంటిదీ అంతే, మూడో ఇంటిదీ అంతే. సందంతా బురద, బురద నిండా పందులు. ఇదంతా మొదటి రోజు నుంచీ నా కళ్లముందే ఉంది. కొత్త కుళాయి సరదా అనుకుని, నేను భూమిలో పైపు వెతుక్కుంటున్నాను.

లేచి కుళాయి కట్టబోతే ఇంట్లోంచి ఆ ఇల్లాలు పరుగున వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"అయ్యో మేడమ్, ఏటి సేత్తన్నావు! ఊటతల్లి పీక నొక్కుతావేటి?"

ఆ ఊట తాతల నాటి నుంచీ ఒక్క క్షణం ఆగలేదట. ఆపితే తల్లి అలిగి వేరే కొండకి పోతుందట. అందుకే ఊరంతా కుళాయిలు విప్పి వదిలేశారు. నాకు కోపం నషాళానికంటింది.

"పైన పందులకి స్నానాలు, కింద మామ్మకి చుక్క లేదు! ఇదేం తల్లి?" అనేశాను.

ఆవిడ మొహం చిన్నబోయింది. "పైపులో తప్పుందని నువ్వే సెప్పావు కదా" అంది మెల్లిగా.

నిజమే, నేనే చెప్పాను. సిగ్గేసింది.

ముహూర్తాలు పెట్టే దిసారిని పిలిచారు, ఊరంతా చేరారు. తల్లి నోరు మూయకూడదని ఆయన తేల్చేశాడు. నేను లెక్కలు చెప్పబోతే ఎవరూ వినలేదు. ఇంతలో మామ్మ కర్ర పోటేసుకుంటూ ఆ ఎత్తంతా ఎక్కొచ్చింది.

"కొండమీద తల్లికి నోళ్లెన్ని?" అని దిసారిని అడిగింది.

"ఒకటే."

"మరి ఊళ్లో పదిహేనెందుకు? నా కాడ ఒకటి ఇప్పి వదిలేయండి. పైనోళ్లు కడవ నిండేక కట్టుకోండి. తల్లి ఆగదు, నడుస్తానే ఉంటాది."

దిసారి ఊట వైపు చూసి, అలాగైతే తల్లికి ఒక కోడి కావాలన్నాడు. తల్లిని మాటన్నదాన్ని నేనే కాబట్టి కోడిని నేనే తెచ్చాను.

పై ఇళ్ల ఆడవాళ్లు దణ్ణం పెట్టుకుని ఎవరి కుళాయి వాళ్లు కట్టారు. చివరి కుళాయి పిడిని ఫిట్టరు ఊడదీసేశాడు. అది దగ్గింది, ఎర్రమట్టి కక్కింది, తర్వాత తేటగా పారింది. నేను అందరి ముందూ ఏడ్చేశాను. అప్పటికప్పుడే నలుగురూ రాళ్లు పేర్చి, ఆ నీరు మామ్మ పసుపు మడి పక్కగా గెడ్డలో కలిసేలా కాలువ కట్టారు. వారంలో సందు ఆరిపోయింది. గెడ్డ నీళ్లు తాగే కింది ఊరికి మా బురద తప్పింది. నష్టపోయింది పందులు మాత్రమే.

నీళ్లు పడిన రోజు సాయంత్రం బయల్దేరుతూ, "సంతరోజు దాటిపోయింది కదా మామ్మా, ఇంతకీ నా పేరేం చేద్దాం?" అని అడిగాను.

మామ్మ కుళాయి కింద దోసిలి పట్టి, ఆ నీళ్లు నా చేతుల్లో పోసింది. అన్నాళ్లూ మేడమ్మా అన్న మనిషి, మొదటిసారి మనవరాలిని పిలిచినట్టు పిలిచింది.

"నీ పేరు నీకే ఉండనీ గుంటా. గెడ్డకెళ్లే దారి నాను మరిసిపోతాను."