ఎర్ర చుక్క ఆరకముందే

పుప్పాలగూడలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో థిన్నర్ డబ్బా మూత తీయగానే ఆ ఘాటు నేరుగా తలకెక్కింది. ఒక ఐటీ కంపెనీ వాళ్లు ఆఫీసు ఆటల గది కోసం పాత పిన్‌బాల్ మిషన్ కొన్నారు. అద్దం కింద దొర్లే ఇనుప గుండును మీటలతో కొడుతూ ఆడే ఆ మిషన్ పెట్టెకు మళ్లీ రంగులేసి, చెరిగిపోయిన బొమ్మలు అద్దే పని నాకిచ్చారు. పాత రంగు గీకుతున్నంతసేపూ నాకు కాలు నిలవలేదు. రెండుసార్లు టీ తాగివచ్చాను, ఒకసారి ఊరికే లిఫ్టులో పైకెళ్లి దిగాను. ఆ వాసన నన్ను లింగంపల్లిలో, స్టేషన్ వెనుక మా రేకుల ఇంటి వసారాలోకి లాక్కుపోతూనే ఉంది.

మా నాయిన బోర్డులు రాసేవాడు. లారీల నంబర్లు, కిరాణా కొట్ల పేర్లు, బడి గోడల మీద సూక్తులు, ఏదైనా సరే. చేతిలో ఎంత పనితనమో కాలికి అంత తిరుగుడు. ఒక అక్షరం రాసి, రోడ్డు దాటి అవతలి నుంచి చూసి, బీడీ ముట్టించి, సగంలోనే పారేసి, మళ్లీ వచ్చి ఇంకో అక్షరం ఎత్తుకునేవాడు. అమ్మ దవాఖాన నుంచి పాత ఎక్స్‌రే ఫిల్ములు అడిగి తెచ్చి, సోడా నీళ్లలో నానబెట్టి నలుపు పోయేదాకా రుద్ది, నాయిన గీసిన బొమ్మలను బ్లేడుతో కోసి అచ్చులు చేసేది. అవి దండెం మీద తడిబట్టల పక్కన ఊగుతుంటే, వాటి సందుల్లోంచి ఎండ నేల మీద పూలుగా, చుక్కలుగా పడేది. మేం పిల్లలం వాటి మధ్య తొక్కుడుబిళ్ల ఆడేవాళ్లం.

ఒక ఏడు బతుకమ్మ పండుగకు ముందు, ముసురు వదలని రోజుల్లో, బజారులో వీడియో గేముల దుకాణం నడిపే వెంకట్రావు గారు ఒక పిన్‌బాల్ పెట్టెను మా ఇంటికి పంపించారు. ఆయన కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన మనిషి. “దసరాకి కొత్తదానిలా ఉండాలండి” అన్నారు. ఆ దుకాణంలోకి ఆడపిల్లలెవరూ పోయేవాళ్లు కాదు. బయటి నుంచి గంటల మోత, మగపిల్లల కేకలు వినడమే. ఇప్పుడు ఆ మిషనే మా వసారాలో ఉంది. లోపలి తీగలూ గంటలూ తీసేసిన ఉత్త చెక్కపెట్టె అయినా, పదేళ్ల నాకు బడిలో కూర్చోబుద్ధి కాలేదు.

నాయిన ఉప్పుకాగితంతో రుద్ది, గుంటల్లో లప్పం పెట్టి, నీలం పూశాడు. దాని మీద పసుపు మెరుపులు, ఆపైన ఐదు మొనల ఎర్ర చుక్క. ఒక్కో రంగుకు ఒక్కో అచ్చు. ఒకటి ఆరితేనే ఇంకొకటి. ఆ చెమ్మలో ఏదీ ఆరేది కాదు, నాయినేమో వసారాకూ వీధికీ మధ్య తిరుగుతూనే ఉండేవాడు.

ఎర్ర చుక్క అద్ది అచ్చు తీసిన సాయంత్రం ఆయన చాయ్‌కి వెళ్లగానే నేను పెట్టెలోకి దూరి, లేని మీటలు నొక్కుతూ, నోటితో గంటలు కొడుతూ ఆడాను. బయటికి దూకేటప్పుడు మోచేయి తడి రంగుకు తగిలింది. చుక్క మొనలు రెండు తోకల్లా సాగిపోయాయి. మోచేయి లంగాకు తుడుచుకుని, లోపలికెళ్లి పుస్తకం తెరిచాను.

నాయిన వచ్చి, వంగి చుక్కను చూశాడు. “జర ఆగి తీయాల్సిందుండె అచ్చు” అన్నాడు తనలో తను. ఆ పక్కనంతా చెక్క తేలేదాకా గీకి మళ్లీ నీలం పూశాడు. మూడు రోజులూ వాన. అమ్మ సకినాలు చేసి పెడితే నేను ముట్టుకోలేదు. మూడో రోజు పొద్దున నాయిన కుంచెలన్నీ కడిగి రేకుపెట్టెలో సర్దడం మొదలుపెట్టాడు.

“ఇగ నాతోని గాదు. నా తొందర నన్ను బతకనియ్యదు. పెట్టె వాపస్ ఇచ్చి, యాడన్న వాచ్‌మన్ పనికి పోత” అన్నాడు.

“గిన్నేండ్ల పని ఒక్క చుక్కకు ఇడిశిపెడ్తవా?” అంది అమ్మ.

నేను ఆగలేకపోయాను. “నాయినా, అచ్చు తీసుడు తప్పు గాదు. నా మోచెయ్యి తాకింది.”

ఆయన దగ్గరికొచ్చి నా చేయి వెలుతురుకు తిప్పాడు. చర్మం ముడతల్లో ఎరుపు ఇంకా ఉంది. దెబ్బ పడుతుందని కళ్లు మూసుకున్నాను.

“మూడు దినాలు గిది మోసుకుంట తిరిగినవా, బిడ్డా” అన్నాడు.

రేకుపెట్టె మళ్లీ తెరిచి స్పాంజి ముక్క నా చేతికిచ్చాడు. “నువ్వే అద్దు. నేను అచ్చు పట్టుకుంట.” పసుపు ముందు, ఎరుపు మర్నాడు. అచ్చు ఎత్తాక ఇద్దరం పెట్టె ముందు కింద కూర్చున్నాం. ఆయన లేవకుండా నేను, నేను లేవకుండా ఆయన, ఒకరి చేయి ఒకరం గట్టిగా పట్టుకుని, రంగు మీద మెరుపు పోయేదాకా కదల్లేదు. చుక్క ఐదు మొనలతో నిలిచింది.

దసరా ముందురోజు వెంకట్రావు గారు నన్ను దుకాణంలోకి పిలిచి “ఒక ఆట ఆడమ్మా” అన్నారు. మగపిల్లలు పక్కకు జరిగారు. నా గుండ్లు మూడూ నిమిషంలో మీటల మధ్య నుంచి జారిపోయాయి. నేను చూసింది ఆటను కాదు, పెట్టె పక్కన మేం అద్దిన చుక్కను.

తర్వాత ఇంటింటికీ కంప్యూటర్లు వచ్చి ఆ దుకాణం మూతపడింది. వెంకట్రావు గారు బాచుపల్లి వైపు వెళ్లిపోయారు. పెట్టెను విడగొట్టగా మిగిలిన, మా చుక్క ఉన్న పలకను ఒక చాయ్ బండివాడు గాలికి అడ్డం పెట్టుకుంటే, కాలేజీ బస్సు కోసం నిలబడి రోజూ దాన్ని చూసేదాన్ని. నాయిన పోయిన ఏడే రోడ్డు వెడల్పు చేశారు. బండి లేదు, పలకా లేదు. అక్కడిప్పుడు ఫ్లైఓవర్ స్తంభం, దాని మీద నల్లరంగుతో అచ్చువేసిన నంబరు. సిగ్నల్ పడినప్పుడల్లా కారులోంచి ఆ అంకెల అంచులు చూస్తాను. ఎవరు అద్దారో, అచ్చు ఎవరు పట్టుకున్నారో అనుకునేలోపే వెనుక బండ్లు హారన్ కొడతాయి.