ఆరో ప్రశ్నకు నేను వేసిన సున్నా

ఎనభైల తొలి ఏళ్ళలో కామాటిపుర గల్లీల్లో ఇల్లిల్లూ తిరిగి ఫారాలు నింపడం నా ఉద్యోగం. మనుషులు ఏం తింటున్నారో, ఏం తాగుతున్నారో, ఏం నములుతున్నారో ఇవాళ రాసిపెట్టుకొని, ఏళ్ళ తరబడి వాళ్ళను వెంబడించి, ఎవరికి క్యాన్సర్ వస్తుందో, ఎవరికి రాదో సరిచూడాలన్నది మా సంస్థ సంకల్పం. నాకు గణాంకశాస్త్రంలో పట్టా ఉంది. పైగా ఆ చాళ్ళలోనే, వరసగా ఒంటిగది ఇళ్ళుండే ఆ కట్టడాల్లోనే పుట్టినవాణ్ణి. అందువల్ల వలసొచ్చిన తెలుగువాళ్ళ చాళ్ళన్నీ నాకు అప్పగించారు.

ఫారంలో ప్రతి జవాబుకూ ఒక గడి, ప్రతి గడిలో ఒక అంకె. ఆరో ప్రశ్న పొగాకు గురించి. బీడీ, సిగరెట్, నమలడం, పాన్‌లో వేసుకోవడం, చివరికి ‘మరేదైనా’. ఈ క్రమంలోనే అడగాలి. జవాబును మన ఊహతో పూరించరాదు. ఆ నియమం పట్ల నాకు భక్తి ఉండేది. పొగాకు ఉందన్నవాళ్ళకు మాత్రమే చీటీ రాసిచ్చి, వారానికొకసారి బడి గదిలో కూర్చునే డాక్టరు దగ్గరికి నోటి పరీక్షకు పంపేవాళ్ళం. అందరి నోళ్ళూ చూడడానికి ఆ ఒక్క డాక్టరు చాలడు.

మా చిన్నమ్మ, అంటే అమ్మ చెల్లెలు, మా ఒంటిగది ఖోలీకి రెండు తలుపుల అవతల ఉండేది. వయసులో ఉండగా కట్టడాల దగ్గర తట్టలు మోసింది. మోకాళ్ళు అరిగాక ఇంట్లో కూర్చొని అట్టపెట్టెలు అంటించేది. మొదటి విడతలో ఆమె ఫారం నింపింది నేనే.

“పేరా? నిన్ను సంకల ఎత్తుకొని తిప్పిన. ఇప్పుడు పేరడుగుతున్నవా?”

“అడగాలె చిన్నమ్మా, అదే రూలు. బీడీ, సిగరెట్ తాగుతవా?”

“థూ! మీ చిన్నాయన తాగె. ఆ కంపుతోనే సగం సచ్చిన.”

“తంబాకు నమిలేది? పాన్‌ల ఏసుకునేది?”

“నేనేమన్న మొగోన్నా?”

“ఇంకేమన్న?”

“ఇంక నీ తలకాయ. లేదని రాస్కో.”

సున్నా వేశాను. ఆ సమయంలో ఆమె చూపుడువేలు కొస నల్లగా ఉంది. కిటికీలో మిశ్రీ డబ్బా ఉంది. పొగాకును పెనం మీద నల్లగా మాడ్చి, నూరి, ఆ పొడితో రోజుకు నాలుగైదుసార్లు పళ్ళు రుద్దుకొని, కాసేపు చిగుళ్ళ వెంట అలాగే ఉంచుకోవడం మా చాల్ ఆడవాళ్ళ అలవాటు. మా అమ్మ మాడుస్తుంటే ఆ ఘాటుకు తుమ్ముతూ పెరిగినవాణ్ణి. ఆ ఆకును దుకాణం నుంచి తెచ్చిచ్చినవాణ్ణి కూడా నేనే. అయినా అది పొగాకు అన్న సంగతి ఆమెకూ తోచలేదు, నాకూ తోచలేదు. మా దృష్టిలో అది పళ్ళు తోముకోవడం.

నేను లేస్తుండగా ఆమె అంది: “కారం తింటే చెంపల మంట లేస్తాంది బిడ్డా. మీ డాక్టర్‌కు చూపెడ్తవా?”

“తంబాకు తినేటోళ్ళకే చిన్నమ్మా.”

“అయితే రేపటి సంది తింట,” అని నవ్వింది. నేనూ నవ్వాను.

రెండేళ్ళకు రెండో విడత మొదలైంది. అప్పటికి కొన్ని నెలలుగా ఆమె పన్నునొప్పి అంటూ ఉంది. నొప్పి తగ్గుతుందని మిశ్రీ మరింత రుద్దుతోంది. ఫారంతో ఎదుట కూర్చున్నప్పుడే నేను ఆమె ముఖాన్ని పరీక్షగా చూశాను. కుడి చెంప గట్టిగా వాచి ఉంది. నోరు రెండు వేళ్ళ మందం కూడా తెరుచుకోవడం లేదు. చీటీ లేకుండానే డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళాను. ఆయన టార్చి వేసి చూసి, మిశ్రీ ఎన్నాళ్ళుగా వాడుతున్నావని ఒక్కటే అడిగాడు.

“పెండ్లి గాకముందు సంది. పండ్లు తోముకోకుంటె ఎట్ల సారూ?”

ఆయన ఆమెను చూడలేదు, నన్ను చూశాడు. పెద్దాసుపత్రిలో పరీక్షించి, జబ్బు దవడ ఎముకలోకి దిగిందని చెప్పారు.

మొదటి ఫారంలోని సున్నాను దిద్దనివ్వమని మా పై అధికారిని అడిగాను. ఆయన ఒప్పుకోలేదు. జబ్బు బయటపడ్డాక పాత జవాబులు దిద్దితే, జబ్బుపడినవాళ్ళవే దిద్దుతాం, తక్కినవాళ్ళవి దిద్దం. అప్పుడు ఈ అధ్యయనానికి విలువేముంటుంది అన్నాడు. ఆయన చెప్పింది నిజం. ఆయన స్థానంలో నేనున్నా అదే చెప్పేవాణ్ణి. మూడో విడత నుంచి మిశ్రీకి వేరే గడి పెడదామన్నాడు.

మూడో విడత దాకా చిన్నమ్మ బతకలేదు. మా సంస్థ మరణపత్రంలో పొగాకు గడికి మొదటి ఫారంలోని అంకెనే ఎక్కించాలి. ఎక్కించాను. మా లెక్కలో ఆమె జన్మలో పొగాకు ముట్టకుండా నోటి క్యాన్సర్‌తో పోయిన మనిషి.

కొత్త ఫారంతో మా ఖోలీకి వెళ్ళేసరికి అమ్మ స్టవ్ ముందు కూర్చొని పొగాకు మాడుస్తోంది.

“ఇది తంబాకే అమ్మా. చిన్నమ్మను తిన్నది ఇదే. బంద్ చెయ్యి.”

అమ్మ పెనం దించలేదు. “ఇది గూడ తంబాకేనా అని అడిగితె, మీ చిన్నమ్మ ఈ మజిల మీది ఖోలీలల్ల అందరికి చెప్పింది. మా పిల్లగాడు సదువుకున్నోడు, ఇది తంబాకు గాదని కాయితంల రాసిండు అని. దాని మాట మీదనే పక్క ఖోలీల కోడలు గూడ మొదలువెట్టింది. ఆనాడు లేదని రాసింది నువ్వే, ఇయ్యాల ఉన్నదంటున్నది నువ్వే. ఏది నమ్మాలె?”

ఖోలీల ముందు గ్యాలరీలో పక్కింటి కోడలు చూపుడువేలు నోట్లో పెట్టుకొని మా మాటలు వింటోంది. ఆ చాల్‌లో నేను నింపిన ఫారాలన్నీ, ఆడవాళ్ళ ఆరో గడుల్లో వేసిన సున్నాలన్నీ నాకు ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ఫారం తెరిచి, నియమం ప్రకారం, మొదట అమ్మను పేరు అడిగాను.