పోశం తాళాలు ఎవరు తీసేశారు?

2018లో సంగతి. పాటలన్నీ ఫోన్లోకి వచ్చేశాక, మంచిర్యాలలో నా ఆడియో దుకాణం ముందు నుంచి పోయేవాళ్లు లోపలికి తొంగి చూడటం కూడా మానేశారు. నేను మాత్రం మొండిగా హై-రెజల్యూషన్ ప్లేయర్లు తెచ్చి పెట్టాను. మామూలు ఎంపీత్రీ ఫైలు తన సైజు తగ్గించుకోవడానికి పాటలోని సన్నని ధ్వనులు కొన్ని వదిలేస్తుంది. ఈ ప్లేయర్లలో వేసే పెద్ద ఫైలు దేన్నీ వదలదు. అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ ఇదే చెప్పేవాణ్ణి. కొనేవాళ్లు తక్కువ, నవ్వేవాళ్లు ఎక్కువ.

ఆ పిచ్చితోనే మా కాలనీ భజన మండలిని ధర్మపురి సత్రంలో కూర్చోబెట్టి పెద్ద ఫైళ్లలో రికార్డు చేశాను. పాడేది మల్లయ్య, కంచు తాళాలు వాయించేది పోశం. ఇద్దరూ బొగ్గుబాయిలో డ్రిల్లర్లుగా ఒకే షిఫ్టులో పనిచేసి రిటైరైనవాళ్లు. మల్లయ్య దుకాణానికి వచ్చి ఒకసారి విని పోయాక, అందరి ఫోన్లకూ ఎంపీత్రీ కాపీలు పంపాను.

అక్కడే చెడింది. పోశం తన ఫోన్లో విన్నాడు. మల్లయ్య గొంతు ఉంది, డోలక్ ఉంది, తన తాళాలు లేవు. మల్లయ్యే తీసేయించాడని పదిమందిలో నానా మాటలూ అన్నాడు.

“ఉన్నయిరా, సక్కగ ఇను” అన్నాడు మల్లయ్య. నేనూ అదే చెబితే, మీరిద్దరూ ఒకటే అన్నాడు పోశం. ఇద్దరి మధ్యా మాటలు బందయ్యాయి.

ఆ ఎండాకాలంలోనే మల్లయ్య గుండె ఆగి చనిపోయాడు. మండలిలో మనిషి పోతే మిగతావాళ్లు పాడె ముందు భజన చేస్తూ నడవడం మా దగ్గర ఆనవాయితీ. పోశం పంతానికి పోయి రాలేదు. మల్లయ్యను తాళాలు లేకుండానే సాగనంపాం.

కొద్దిరోజులకు పోశం చేతిసంచితో నా దుకాణానికి వచ్చాడు.

“తమ్మీ, నీ పెద్ద మిషిన్ల ఏదీ పోదంటవ్ గదా. గండ్ల ఇనిపియ్యి. అండ్ల గూడ లేకుంటె నేను పోకపోవుడు తప్పు కాదు.”

ఇయర్‌ఫోన్స్ ఒకటి ఆయన చెవిలో, ఒకటి నా చెవిలో పెట్టి అదే భజన వేశాను.

“మల్లిగాని గొంతు ఉన్నది. నా తాళం లేదు. సూసినవా?” అన్నాడు గెలిచినట్టు.

నా చెవిలో తాళాలు గణగణ మోగుతున్నాయి.

మా పనిలో టెస్ట్ టోన్ అని ఒకటుంటుంది. లావు ధ్వని నుంచి సన్న ధ్వని దాకా మెట్టు మెట్టుగా ఎక్కే కూత అది. దానితో ప్లేయర్ బాగుందో లేదో చూస్తాం. వినబడినంతసేపు వేలు ఎత్తి ఉంచమన్నాను. సగం ఎక్కేసరికి ఆయన వేలు దించేశాడు.

“బందైంది” అన్నాడు. నాకు ఇంకా వినబడుతూనే ఉంది.

“కాకా, మిషిన్ మంచిగనే ఉన్నది. తాళాలు గూడ ఉన్నయ్. బాయిల డ్రిల్ మోతకు నీ చెవికే సన్న సప్పుడు పడ్తలేదు.”

“గట్లెట్ల? రికార్డింగుల వాయిస్తిని గదా!”

సంచిలోంచి తాళాలు తీసి వేశాడు. దుకాణమంతా మోగింది. కళ్లు మూసుకుని మళ్లీ వేశాడు. ఆయన ముఖం చూడలేకపోయాను.

“చేతికి తెలుస్తున్నది. చెవిల పడ్తలే” అన్నాడు. తాళాలు చేతిలో పట్టుకునే అడిగాడు. “రికార్డు ఇననీకి మల్లిగాడు నీ దగ్గరికొచ్చిండు గదా. నా తాళం గురించి ఏమన్నడు?”

పుండు మీద కారం చల్లడం ఎందుకనిపించింది. కానీ ఆయన వచ్చిందే నిజం తేల్చుకోవడానికి.

“‘పోశిగాని తాళం జర పెద్దగ పెట్టు. గది లేకుంటె నా పాట నడవది’ అన్నడు కాకా. పెద్దగనే పెట్టిన.”

పోశం తాళాలు బల్ల మీద పెట్టాడు.

“గిప్పుడు ఎవనికి చెప్పుకోవాలె తమ్మీ?”

చెవుల డాక్టరు దగ్గరికి తీసుకుపోతానంటే వద్దన్నాడు. మల్లయ్య దినాల భజనకు వచ్చి, ఒట్టి చేతులతో వెనక కూర్చున్నాడు.

ఇప్పుడు ఎవరైనా సౌండు సరిగా లేదని వస్తే, స్క్రూలు విప్పేముందు వాళ్ల చెవికి టెస్ట్ టోన్ వినిపిస్తాను. దేన్నీ వదలని మిషన్ అని మాత్రం ఎవరికీ చెప్పడం లేదు. ఆ రోజు బల్ల మీదే వదిలిపోయిన తాళాలు నా అలమారలోనే ఉన్నాయి. పోశం వాటికోసం రాలేదు.