చిక్కిపోయిన తూకపురాయి

పిల్లల ఆసుపత్రిలో ఆమెను అందరూ తక్కెడమ్మ అంటారు. ఇరవై రెండేళ్లుగా తూకం గదిలో కిటికీ పక్క కుర్చీ ఆమెదే. బిడ్డను తల్లి చేతుల్లోంచి అందుకుంటూనే "నాలుగున్నర, ఓ పిసరు ఎక్కువ" అనేస్తుంది. తక్కెడ ముల్లు కూడా అక్కడే ఆగుతుంది. ఆగకపోతే అనుమానించాల్సింది ముల్లునేనని నర్సుల వేళాకోళం.

తూచిన బరువును పక్కనున్న పాత కంప్యూటర్లో కొడితే, డాక్టరు గదిలోని తెర మీద కనిపిస్తుంది. ఐదు కిలోల రెండు వందల గ్రాములైతే 52 కొడితే చాలు, మధ్యలో చుక్క అదే పెట్టుకుంటుంది. ఆ ప్రోగ్రాం ఆమె చెల్లెలి భర్త, అంటే మరిది, కాలేజీలో చదివే రోజుల్లో రాసిచ్చాడు. పదిహేనేళ్లుగా అది ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు.

ఆ సోమవారం కొత్త డాక్టరు వచ్చాడు. వరసల్లో అంకెలు వంకర పోతే ఆయనకు అన్నం సహించదు.

"ఇకనుంచి అన్నీ మూడంకెలు, తక్కెడమ్మా. 52 కాదు, 052."

ముందు ఓ సున్నా పెడితే మన సొమ్మేం పోతుందని ఆమె సరేనంది.

కంప్యూటరుకు మాత్రం తిక్క పుట్టింది. 048 కొడితే ఏదో తప్పంటూ ఆగిపోయింది. సున్నా తీసేసి కొడితే మారు మాట్లాడకుండా మింగింది. 039కీ అదే వరస. మిగతావి సాఫీగానే వెళ్లాయి కాబట్టి ఆమె పట్టించుకోలేదు.

పదకొండు గంటలకు ఒక తల్లి బిడ్డను గుండెలకు అదుముకుని డాక్టరు గదిలోంచి పరుగున వచ్చింది.

"అక్కా, పోయిన నెల నాలుగూ ఏడు ఉన్నాడు. ఇప్పుడు నాలుగూ రెండట! నా పాలు సరిపోవట్లేదా?"

"నాలుగేంటమ్మా, ఐదూ రెండు! ముల్లు చూశాను, చేతులతో ఎత్తాను కూడా."

వెనకాలే డాక్టరు వచ్చాడు. "పొద్దుట్నుంచి చిక్కిపోయినవాళ్లలో ఈ బాబు నాలుగోవాడు. ఏమనుకోకండి తక్కెడమ్మా, కళ్లో వేళ్లో మొరాయిస్తున్నట్టున్నాయి. రేపట్నుంచి మీరు చీటీల దగ్గర కూర్చోండి."

చీటీల దగ్గర బిడ్డలు ఉండరు, వరుస నంబర్లు తప్ప. నిజంగానే చూపు తగ్గిందా? తక్కెడమ్మ ఆ నలుగురి పేర్లూ అడిగి తెలుసుకుంది. బరువులో ఎనిమిది గానీ తొమ్మిది గానీ ఉన్న పిల్లలు, అంటే తను సున్నా తీసేసి కొట్టినవాళ్లు, ఒక్కరూ చిక్కలేదు.

గబగబా బీరువా తీసి, తక్కెడను సరిచూసే ఐదు కిలోల ఇనుప తూకపురాయిని పళ్లెంలో పెట్టింది.

"డాక్టరుగారూ, ముల్లు మీరే చూడండి."

"ఐదు."

"మీ చేత్తోనే కొట్టండి."

ఆయన 050 కొట్టి, తన గదిలోకి వెళ్లి, వెళ్లినంత వేగంగానూ తిరిగొచ్చాడు. "నాలుగు అంటోంది!"

"చూశారా? ఇనుముకి కూడా పాలు సరిపోవట్లేదు."

ఏడుస్తున్న తల్లికి నవ్వొచ్చేసింది.

తక్కెడమ్మ మరిదికి ఫోన్ చేసి జరిగింది చెప్పింది.

"వదినా, ముందు సున్నా ఏమైనా పెట్టావా?"

"పెట్టమన్నారు, పెట్టాను. అంత నేరమా?"

"అది పాత పైతాన్ భాషలో రాసింది వదినా. అందులో వట్టి ఇన్‌పుట్ అని రాస్తే, నువ్వు కొట్టింది కొట్టినట్టు తీసుకోదు. అదొక ప్రోగ్రాం ముక్క అనుకుని లెక్క కడుతుంది. ముందు సున్నా ఉందంటే ఎనిమిదుల్లో లెక్కపెట్టమన్నావని దాని అర్థం. 52 అంటే ఐదు ఎనిమిదులు నలభై, పైన రెండు."

"నలభై రెండు! మరి 48 అంటే మూతి ముడుచుకుందే?"

"ఎనిమిదుల లెక్కలో ఎనిమిదీ తొమ్మిదీ అనే అంకెలే ఉండవు. రా ఇన్‌పుట్, అంటే పచ్చిగా తీసుకో, అని రాసుంటే నీ అంకెల్ని అక్షరాల్లా ఉన్నదున్నట్టు పుచ్చుకునేది. తర్వాత మనమే నంబరుగా మార్చుకోవచ్చు. పేర్లకు అలాగే రాశాను. బరువుల దగ్గర బద్ధకించాను."

"నీ బద్ధకానికి నా కుర్చీ ఊడేదయ్యా! ఉన్నపళంగా రా."

వచ్చాడు. ప్రోగ్రాంలో ఒకే ఒక్క వరుస దిద్దాడు. తక్కెడమ్మ బాబును మళ్లీ తూచి 052 కొట్టింది. డాక్టరు గదిలోంచి "ఐదూ రెండు!" అని కేక వినిపించింది. తల్లి బిడ్డ బుగ్గలు ముద్దులతో తడిపేసింది. చీటీల ఊసు డాక్టరు మళ్లీ ఎత్తలేదు.

మర్నాటి నుంచి తక్కెడమ్మ రోజూ పిల్లలకంటే ముందు తూకపురాయిని తూచడం మొదలుపెట్టింది. తూచేది ఎవరినో పేరు కొట్టమని కంప్యూటరు అడుగుతుంది కదా, రాయికి బుజ్జి అని కొట్టేది.

మూడు నెలల తర్వాత డాక్టరు సెలవు పెడితే బదులుగా వచ్చినావిడ పాత బరువులన్నీ తిరగేసి కంగారుగా తూకం గదిలోకి వచ్చింది.

"ఈ బుజ్జి ఎవరమ్మా? రోజూ వస్తోంది, మూడు నెలలుగా ఒక్క గ్రాము పెరగలేదు! వాళ్లమ్మను పిలిపించండి."

తక్కెడమ్మ కుర్చీలోంచి కదలకుండా అంది: "ఏం చెప్పాలన్నా నాకే చెప్పండి. వాళ్లమ్మను నేనే."