దుప్పటి చాటు స్పీకర్లు

స్పీకర్ల గురించి చదవడంలో నాకున్న అనుభవం వాటిని వినడంలో లేదు. ఆడియో పత్రిక వచ్చిన పూట నా కంచంలో అన్నం చల్లారి, ఎండి, మళ్ళీ బియ్యమైపోయినా నాకు తెలియదు. ఈమధ్య అందులో ఒక జతకు అయిదు నక్షత్రాలిచ్చి, వాటి మంద్రస్వరం, అదే బేస్, ఇంటి పునాదిని పలకరిస్తుందని రాశారు. మర్నాడే మద్దిలపాలెంలో ఒక దుకాణం నుంచి, నచ్చకపోతే తిరిగిచ్చే షరతు మీద ఎత్తుకొచ్చాను.

చిక్కల్లా మా హాలుతో. కంచరపాలెంలో రైలు పట్టాల పక్కనున్న మా ఇంటి హాలు ఎంత విశాలమంటే, ఒకరు ఆవులిస్తే ఇంకొకరు బయటికెళ్ళాలి. అందులో అప్పటికే ఒక జత ఉంది. మా బావ, అంటే మా ఆవిడ అన్న, స్టీల్ ప్లాంటు ఉద్యోగి, స్వయంగా టేకు కోసి, పెట్టెలు బిగించి చేసిచ్చినవి.

"ఒకటే జత ఉంటాది. రెండోది గుమ్మం దాటాల. మా అన్నియ్య ముందరే తేల్సు," అంది మా ఆవిడ.

ఆదివారం బావ వచ్చాడు. అతని వెంట, సముద్రం ఒడ్డు పల్లె నుంచి చేపలతో వాళ్ళమ్మ, మా అత్త.

"పత్రికోళ్ళ మాట నమ్మీసినావేటి బావా? ఆళ్ళు పేరు సూసి మార్కులేత్తారు. పేజీ తిప్పితే అదే కంపెనీ ప్రకటన!"

"నీ పెట్టెలకి నువ్వు తక్కువేత్తావేటి?" అన్నాను.

"అయితే సూడకుండా ఇందాం. ఓడినియ్యి ఎలిపోవాల."

నవ్వుతూనే అన్నాడు గానీ, తన పెట్టెలను మొదటిరోజు బడికి పంపే పిల్లల్ని చూసినట్టు చూసుకున్నాడు.

ప్రపంచంలో ఏ పత్రికా ఇంత నిజాయితీగా పరీక్ష పెట్టి ఉండదు. రెండు జతలకూ అడ్డంగా దుప్పటి కట్టాం. ఒకటి గట్టిగా మోగి గెలిచిపోకుండా ఫోనుతో కొలిచి చప్పుడు సమానం చేశాం. ఏది మోగించాలన్నది అత్తకు వదిలేశాం. రెండింటి మీదా ఆవిడకు సమానమైన నిర్లక్ష్యం.

"మీట నొక్కడానికా నన్ను కూర కాడ్నుంచి లేపీసినారు?" అంటూ దుప్పటి వెనక్కి వెళ్ళింది.

ఒకే నాదస్వరం, ముందు ఒక జతలో, తర్వాత రెండోదాంట్లో. రెండోసారి డోలు అందుకునేసరికి బేస్ నేలలోంచి పుట్టి, అరికాళ్ళెక్కి, నా పొట్టకు సంగీతం నేర్పింది. కిటికీ అద్దాలు తాళం వేశాయి. ముగ్గురం ఒక్కసారే "రెండోదే!" అని అరిచాం. దుప్పటి దించితే అది పత్రిక చెప్పిన జత! నేనెగిరిన ఎగురుకి సీలింగు ఫ్యాను పక్కకు తప్పుకుంది. బావ మొహం వాడిపోయింది.

"పాట ఆపీసినాను గదా బాబూ, అలమార్లో గిన్నెలింకా ఆడతన్నాయేటి?" అంది అత్త.

కిటికీలోంచి చూస్తే బొగ్గు గూడ్సు, తాపీగా పోతోంది. పట్టాల పక్కన కాపురముండే మా దంపతులకు రైలు వినబడడం ఎప్పుడో మానేసింది. స్టీల్ ప్లాంటు మిల్లు హోరులో బతికే బావకు గూడ్సంటే నిశ్శబ్దం. అలల ఒడ్డున పెరిగిన అత్తకే అది కొత్త. ఆ పత్రికాయన మీద నాకు జాలి కలిగింది. ఆయన ఇంటి పక్కన ఏం పోతోందో ఎవరు చూశారు!

గూడ్సు దాటాక మళ్ళీ విన్నాం. ఈసారి ఎవరి ఓటు వాళ్ళు అత్త చెవిలో వేశాం. ఆవిడ దుప్పటి లాగి తీర్పు చెప్పింది.

"అమ్మికి రెండూ ఒకలాగే ఉన్నాయంట. అల్లుడేమో కొడుకు పెట్టెలకేసినాడు. కొడుకేమో కొత్తవాటికేసినాడు."

"నా పెట్టెలకి నువ్వేసినావా బావా?"

"కొత్తవనుకున్నాను బావా. నువ్వేటి, పత్రికకేసినావు?"

"ఇంత బాగున్నాయంటే నావే అనుకున్నాను!"

మా ఆవిడ నవ్వలేక గోడ పట్టుకుని కూలబడింది. "ఎవరు దేనికి ఓటేసినారో ఆళ్ళే అది పట్టుకుపోండి," అంది.

చేపల కూర తిన్నాక బావ కొత్త జతను స్కూటరు మీద తాళ్ళతో కట్టుకున్నాడు. బిల్లు తన పేరున రాయించుకుంటానన్నాడు. అంతలో మళ్ళీ లోపలికొచ్చి, తన టేకు పెట్టెల మీద దుమ్ము చొక్కా అంచుతో తుడిచాడు.

"ఈటిని గట్టిగా ఇను బావా, మొగమాటపడకు. సిన్నగా పెడితే అలుగుతాయి."