అనుకోని మాటలకు వ్యాకరణం

మా మేనత్త వదాద్ ముప్పై నాలుగేళ్లు మా ఊరు మాదబాలో ఆడపిల్లల బడిలో అరబ్బీ వ్యాకరణం చెప్పింది. ఊళ్లో సగం మంది తల్లులకు ఆమె స్కేలు దెబ్బ ఇంకా గుర్తే. పెళ్లి చేసుకోలేదు. అడగొచ్చిన వాళ్లలో ఒక్కడికీ కర్తకూ కర్మకూ తేడా తెలియదని కారణం చెప్పేది. రిటైరయ్యాక పొద్దుపోక విదేశీయులకు పాఠాలు మొదలుపెట్టింది. వచ్చేవాళ్లలో ఎక్కువ మంది క్రీస్తును మాకు పరిచయం చేయడానికి విమానం ఎక్కినవాళ్లే.

మా ముత్తాతలు దక్షిణాన ఉన్న కెరక్ నుంచి గొర్రెల మందలతో, ఒక చర్చి గంటతో, ఇద్దరు ఫాదర్లతో ఈ ఊరికి వలస వచ్చారు. అంతకు ముందు ఎన్ని వందల ఏళ్లుగా క్రైస్తవులమో మాలో ఎవరికీ తెలియదు. యేసు బాప్తిస్మం పొందిన నది మా ఇంటి నుంచి కారులో గంట ప్రయాణం కూడా ఉండదు. అయినా ఏటేటా ఒక జట్టు దిగుతుంది, మా తలుపు తడుతుంది, ప్రభువును ఎరుగుదురా అని అడుగుతుంది. మా నాన్న బతికున్న రోజుల్లో వాళ్లను కూర్చోబెట్టి టీ పోసేవాడు. "ఎరుగుదుం. మా వైపు మనిషే," అనేవాడు. ఆ తర్వాత టీ అయిపోయేదాకా నోరు విప్పేవాడు కాదు. వాళ్లు బయటికెళ్లి మా గుండెలు కఠినమని ప్రార్థన చేసేవాళ్లు.

మార్లిస్ అలాంటి జట్టుతోనే వచ్చింది. అమెరికాలో మొక్కజొన్న పండించే ప్రాంతం ఆమెది. యాభై దాటింది, మోకాళ్ల నొప్పులు, మొహం మీద చెరగని నవ్వు. రెండు నెలలు బుద్ధిగా క్రియలు వల్లె వేసింది. మూడో నెలలో ఒక నోటుపుస్తకం తెచ్చి అత్త ముందు పెట్టింది. ఆ పూట నేను వంటింట్లో కారుతున్న కుళాయి విప్పుతున్నాను. మాటలన్నీ వినిపిస్తున్నాయి.

"ఏమిటిది?" అంది అత్త.

"అనుకోకుండా ఎవరైనా కలిస్తే మాట్లాడే మాటలు, టీచర్. టాక్సీలో, కూరగాయల దగ్గర, ఆసుపత్రిలో. మీరు దిద్దాలి."

"అనుకోకుండా మాట్లాడేవి ముందే రాసుకున్నారా?"

"సిద్ధంగా ఉండాలి కదా."

అత్త కాగితాలు తిప్పింది. "ఎదుటివాడి మాటలు కూడా మీరే రాసేశారే. ఇక్కడ టాక్సీవాడు 'అవునమ్మా, నా మనసులో ఏదో వెలితి ఉంది' అంటున్నాడు. మా ఊరి టాక్సీవాడు అలా అనడు. చిల్లర లేదంటాడు."

మార్లిస్ అది హాస్యమనుకుని నవ్వింది. అత్త ఎర్ర పెన్ను తీసింది. అక్కడే నాకు ఒళ్లు మండింది. ఆ దిక్కుమాలిన రాతను ఆమె చింపి పారేయలేదు. వాక్యం వాక్యం సరిచేసి, బిరుసుగా ఉన్నచోట మెత్తబరిచి, మన ముసలమ్మలు వాడే నుడికారం అద్ది, వినేవాడు కాదనలేనంత అందంగా తయారుచేసింది.

మార్లిస్ వెళ్లాక అడిగాను. "ఎందుకత్తా ఈ పని? వీళ్లంటే నీకు పడదు కదా."

"పడదు. కానీ తప్పుల అరబ్బీ నా గడప దాటిందంటే నాకు అవమానం."

"ఆ మాటలు పట్టుకుని ఎవరి మీద పడుతుందో?"

"పడనీ. వ్యాకరణం వరకే నా పూచీ," అంటూ కళ్లజోడు తుడుచుకుంది.

అబూ సుఫ్యాన్ మీద పడింది. అతనిది బజారు మలుపులో కాఫీ గింజలు వేయించే కొట్టు. ముస్లిం, రెండుసార్లు హజ్ చేసొచ్చాడు. కొట్టుకొచ్చిన వాళ్లు ఎవరైనా కప్పుడు కాఫీ తాగనిదే వదలడు. మార్లిస్ పావుకిలో కొనడానికి వెళ్లినట్టు వెళ్లి, నోటుపుస్తకంలో నాలుగో సంభాషణ అప్పజెప్పింది. ఈ పరిమళం వీధి చివరిదాకా నన్ను పిలిచింది, మనిషి ఆత్మను కూడా ఎవరో ఇలాగే పిలుస్తుంటారని మీకెప్పుడైనా తోచిందా, అంది. అంత తేటగా మాట్లాడే విదేశీ ఆడమనిషిని అబూ సుఫ్యాన్ ఎన్నడూ చూడలేదు. తోచిందన్నాడు. మీ యేసే మా ఈసా, మాకూ ప్రవక్తే, ఆయనకు శాంతి కలుగుగాక అన్నాడు. ఆమె మోకాళ్ల కోసం అల్లాకు దువా చేస్తానన్నాడు. ఆ సమయంలో గింజలు మాడి కొట్టంతా పొగ కమ్మి అతని కళ్లు కారుతున్నాయి. జ్ఞాపకానికని ఆమె ఫోటో అడిగింది. సరేనన్నాడు.

ఆ ఫోటో, ఆమె నెలనెలా పంపే ఉత్తరంతో పాటు, అమెరికాలో ఆమె చర్చి వాళ్ల ఇంటర్నెట్ పేజీలో వెలిసింది. కాఫీ అమ్మే ముస్లిం పెద్దాయన ఒకరు కన్నీళ్లతో నాతో కలిసి యేసుకు ప్రార్థన చేశారు, అని కింద రాసింది. పేరు మాత్రం దాచిందట, అతని క్షేమం కోసం. మొహం దాచాలని ఆ బుర్రకు తోచలేదు. అబూ సుఫ్యాన్ మేనల్లుడు చికాగోలో లారీ నడుపుతాడు. పది రోజుల్లో ఆ పేజీ అతని ఫోనుకు చేరింది, అక్కడి నుంచి మాదబాకు.

అబూ సుఫ్యాన్ బావమరిది కొట్టుకొచ్చి నలుగురి ముందు అడిగాడు. "బావా, ఇప్పుడు నిన్ను ఏ పేరుతో పిలవాలి? జార్జి అనా?"

అబూ సుఫ్యాన్ కూతురికి నిశ్చయం చేసుకోవడానికి రావలసినవాళ్లు తర్వాత చూద్దామని కబురు పెట్టారు. అతను ఎవరితోనూ దెబ్బలాడలేదు. పదమూడు రోజులు కొట్టు మూసేశాడు. మూసిన తలుపు మీద ఎవరో సుద్దతో సిలువ గీస్తే, తెల్లవారి అతనే వచ్చి తడిగుడ్డతో తుడుచుకుని వెళ్లాడు.

సంగతి తెలిసి మార్లిస్ అత్త దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. మళ్లీ చేతిలో కాగితం. క్షమాపణ రాసుకొచ్చింది, దిద్దమంది.

"పొగకూ కన్నీళ్లకూ తేడా తెలియదా నీకు?" అంది అత్త.

"నిజంగా కదిలాడనుకున్నాను. నెలనెలా ఏదైనా రాయకపోతే అక్కడ వాళ్లు..." అని ఆగిపోయింది.

"వాళ్లేమంటారు?"

"ఏం చేస్తున్నావు అక్కడ, అంటారు."

"మంచి ప్రశ్నే. నేనూ అదే అడుగుతున్నాను."

మార్లిస్ కాగితం ముందుకు జరిపింది. అత్త ముట్టుకోలేదు. "పో. నీ నోటికొచ్చినట్టు చెప్పుకో. నా మాటలు నీకిక లేవు."

అత్త రానంది కాబట్టి నేను వెంట వెళ్లాను. జాలితో కాదు, ఆమె ఏడుపు చూద్దామని. అబూ సుఫ్యాన్ ఆ రోజే కొట్టు తెరిచాడు. బావమరిది కూడా ఉన్నాడు. మార్లిస్ గుమ్మంలో నిలబడి చేతులు నలుపుకుంది.

"నేను అబద్ధం రాసింది. మీరు ఏడవలేదు. పొగ ఏడ్చింది. నేను చెప్పిన మాటలు నావి కాదు, కాగితంవి."

బావమరిది పకపకా నవ్వాడు. అబూ సుఫ్యాన్ నవ్వలేదు. "మరి మీ మాట ఏదమ్మా? ఇంత దూరం వచ్చారు. కాగితం పక్కన పెట్టి చెప్పండి, వింటాను."

ఆమె మాట కోసం వెతుక్కుంది. క్రియ దొరకలేదు. "నాకు భయం వస్తాడు. అప్పుడు ఆయన్ని పిలుస్తాను. వస్తాడో రాడో. పిలుస్తాను. నాకు తెలిసింది అంతే."

"నేనూ అంతే చేస్తానమ్మా," అన్నాడతను. ఆమెను కూర్చోమని కాఫీ పోశాడు. ఆ మాటలు రాయడానికి ఆమె దగ్గర పుస్తకం లేదు. ఉన్నా ఆమె చర్చికి అందులో పనికొచ్చేది ఏమీ లేదు.

అబద్ధం రాశానని మార్లిస్ తన చర్చికి ఉత్తరం పంపింది. దానితో పాటే ఆమె ఇక్కడి బతుకూ అయిపోయింది. డబ్బు పంపేవాళ్లు ఆపేశారు. జట్టు నాయకుడు వీడ్కోలు విందులో ఆమె ఆరోగ్యం కోసం ప్రార్థించి సాగనంపాడు. చేసిన పనుల్లో నిజాయితీ ఉన్న ఒక్కదానికే వాళ్లామెను రోగిష్టిదాన్ని చేశారు. ఆ ఉత్తరం నేను అచ్చు తీసి బావమరిదికి చూపిస్తే, అతను చదివి, మడిచి, అబూ సుఫ్యాన్ కూతురి పెళ్లివాళ్లను తనే వెళ్లి పిలుచుకొచ్చాడు.

అత్తతో చెప్పాను ఇదంతా. 'భయం వస్తాడు' దగ్గర ఆమె మొహం చిట్లించింది. "వస్తుంది," అంది. "మూడు నెలలు చెప్పాను దానికి."

"నువ్వూ వెళ్లి అబూ సుఫ్యాన్‌తో ఒక మాట చెప్పొచ్చు కదా," అన్నాను.

"ఏమని?"

"అతను కరిగింది నీ మాటలకు. ఆమె మాటలకు కాదు."

"నేను దిద్దాను. రాసింది అది," అని కిటికీ మూసేసింది.

అప్పటి నుంచి మా అత్త బజారు మలుపు దాటి ఇంకో వీధిలో కాఫీ కొంటుంది. అబూ సుఫ్యాన్ గింజలు మరీ మాడుస్తాడని కారణం చెబుతుంది. ఈ ఊళ్లో తప్పు పట్టుకోవడంలో ఆమెను మించినవాళ్లు లేరని అందరూ ఇప్పటికీ అంటారు.