మా అన్న పళ్లెంలో సంగటి

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, మీ అందరికీ వందనాలు! పోయిన ఏడాది ఉపవాస కూడికల ఆఖరి రోజున ఇదే చోట నిలబడి నేనొక సాక్ష్యం చెప్పాను, మీరంతా చప్పట్లు కొట్టారు, కొందరు కన్నీళ్లు కూడా పెట్టుకున్నారు, గుర్తుండే ఉంటుంది. ఈ రోజు కొత్త సాక్ష్యం చెప్పే ముందు ఆ పాతదాన్ని మీ ముందే వెనక్కి తీసుకోవాలి, ఎందుకంటే అది నిజం కాదు. అబద్ధమాడాలని ఆడలేదు, తొందరపడ్డాను, కానీ దేవుని పేరు పెట్టి తొందరపడితే ఆ మాట ఎవరి ఇంటిదాకా పోతుందో నాకు తర్వాతే తెలిసింది.

నన్ను ఎరగనివాళ్ల కోసం చెబుతున్నాను, నా పేరు దేవదానం, బేతంచెర్లలో బండల పాలిష్ ఫ్యాక్టరీలో మేస్త్రీని. నాకు ఊహ తెలియకముందే మా నాయన పోతే, అమ్మకు తోడుగా మా అన్న రత్నమే నన్ను పెంచాడు, తాను గనిలో బండలు తీసి నన్ను పదో తరగతి దాకా చదివించాడు. ఆదివారం ఆరాధన కాగానే నన్ను వెంటబెట్టుకుని ఇంటికి తీసుకుపోయేవాడు, మా వదిన సువార్తమ్మ పొట్టేలు కూర వండి పెట్టేది, అన్నదమ్ములం ఇద్దరం ఒకే పెద్ద పళ్లెంలో తినేవాళ్లం. నాకు పెళ్లయినా, తలకు రంగు వేసుకునే వయసొచ్చినా ఆ అలవాటు పోలేదు! మూలుగ బొక్కను అన్న పళ్లెం అంచుకు టకటక కొట్టి, లోపలి మూలుగంతా నా వైపు అన్నంలో పడేట్టు రాల్చి, "తినురా, నీకే" అనేవాడు. చిన్నప్పుడూ అదే మాట, నలభై ఏళ్లప్పుడూ అదే మాట.

మూడేళ్ల కింద ఒకరోజు లారీకి బండలెక్కించి, తాడు బిగిస్తూ బిగిస్తూ ఛాతీ పట్టుకుని కూర్చుండిపోయాడు మా అన్న. ఆసుపత్రికి చేరకముందే ప్రభువు దగ్గరికి వెళ్లిపోయాడు. నలభై ఎనిమిదేళ్లు సహోదరులారా, అంతే! ఆయన సమాధి మీద పరిచిన బండను నేనే, ఇంకెవర్నీ ముట్టుకోనీయకుండా, నా చేతుల్తో పాలిష్ పట్టాను.

తర్వాతి ఆదివారం కాళ్లు వాటంతటవే వదిన ఇంటికి నడిచాయి. ఆమె అదే పళ్లెం తెచ్చి నా ముందు పెట్టింది, నేను నా సగంలోనే తిన్నాను, అన్న సగం ఖాళీగా వదిలేశాను. ఆ ఖాళీని ఆమె చూడలేక, నేనూ చూడలేక, కొన్ని వారాలు గడిచేసరికి ఆ సగం కూడా నిండింది, ఆ సగం కూడా నేనే తినసాగాను. తినకపోతే అన్నను మరిచిపోయానని వదిన అనుకుంటుందని నాకు భయం, పెట్టకపోతే మరిది రావడం మానేస్తాడని ఆమెకు భయం. ఒకప్పుడు నేనూ బండలు మోసినవాణ్ణే, తిన్నదంతా చెమటలో పోయేది, ఇప్పుడు కుర్చీలో కూర్చుని మిషన్లను చూసుకోవడమే నా పని, సందు చివరికి పోవాలన్నా బండి తీసేవాణ్ణి. పొద్దున ఉగ్గాని, నాలుగు మిరపకాయ బజ్జీలు కడుపులో పడందే ఫ్యాక్టరీ గేటు దాటేవాణ్ణి కాదు!

ఫ్యాక్టరీలో అందరికీ రక్తపరీక్షలు చేసినప్పుడు నాకు కొలెస్ట్రాల్ బాగా ఎక్కువగా ఉందని తేలింది. మా ఇంటామె పోరు పెట్టి కర్నూలుకు తీసుకుపోయింది. అక్కడి డాక్టరమ్మ మా అన్న సంగతి రెండుసార్లు అడిగి, గుండె పరీక్షలన్నీ చేయించి ఇలా చెప్పింది. "ఏమప్పా, మీ అన్న అంత చిన్న వయసులో పోయినాడంటే నీ విషయంలో నేను శానా జాగ్రత్తగా ఉండాల. గుండె ఇప్పటికి బాగుండాది, షుగర్ లేదు. మూడు నెల్లు చూస్తా. కొవ్వు, నూనె తగ్గించు, దినామూ నడువు. అప్పటికీ తగ్గకపోతే మాత్ర మొదలుపెడ్దాం."

నేనేం చేశానో తెలుసా? తిండీ మార్చలేదు, అడుగూ కదపలేదు! మన సంఘంలో ఇరవై ఒక్క రోజుల ఉపవాస కూడికలు దగ్గరపడుతున్నాయి కదా, మాత్ర లేకుండా, చెమట లేకుండా దేవుడే కరిగిస్తాడు అనుకున్నాను. ఆ రోజుల్లో నేను చేసిన ప్రార్థన తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. "ప్రభువా, ఈ కొవ్వు కరిగించు, నీ నామాన్ని పదిమందిలో గొప్ప చేస్తాను!" అని బేరం పెట్టాను.

పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా మంచినీళ్లు కూడా ముట్టలేదు, అది మాత్రం నిజం. కానీ సాయంత్రం కూడిక విడిచే వేళకు దినానికొక కుటుంబం భోజనం పెట్టేది, మీకు తెలియనిదేముంది, ఒకరోజు పులావు, ఒకరోజు బోటి వేపుడు, ఒకరోజు తలకాయ కూర! పొద్దుటిది, మధ్యాహ్నానిది, రాత్రిది మూడూ కలిపి ఒకే పూట తిన్నాను, ప్రార్థన చేసి తిన్నది కొవ్వెట్లా అవుతుందిలే అని ధైర్యం. అది చాలక ఆదివారం అన్న పళ్లెం ఉండనే ఉంది. ఆఖరి రోజుకు నడుము దగ్గర ప్యాంటు కాస్త వదులైనట్టనిపించింది, ఒళ్లు తేలికైనట్టుంది, ఇంకేముంది, పరీక్ష కూడా చేయించుకోకుండా ఈ మైకు ముందుకొచ్చి "దేవుడు నన్ను స్వస్థపరిచాడు, నాకు మాత్ర అక్కర్లేదు" అని చెప్పేశాను.

పదిహేను రోజుల తర్వాత రిపోర్టు వచ్చింది. తగ్గలేదు సరికదా, పెరిగింది!

"ఈ మూడు నెల్లు ఏం చేసినావప్పా?" అని డాక్టరమ్మ అడిగింది. తల వంచుకుని అంతా చెప్పాను. ఆమె నవ్వలేదు, తిట్టలేదు. "ఉపవాసాన్ని నేను తప్పు పట్టను. నేనూ రంజాన్లో రోజా ఉంటా. ఇఫ్తార్లో పకోడీలు, బిర్యానీ తిని నా కాడికొచ్చేటోళ్లు నీ మాదిరే శానామంది ఉండారు" అంది. మాత్ర రాయబోయింది. ఇంకొక్క అవకాశం ఇవ్వమ్మా అని బతిమాలుకుంటే, ఆలోచించి, ఇంకో మూడు నెలలిచ్చింది, ఛాతీలో ఏమాత్రం తేడా అనిపించినా ఆ క్షణమే రావాలని, ఈసారి తగ్గకపోతే మాట్లాడకుండా మాత్ర వేసుకోవాలని నా దగ్గర మాట తీసుకుంది.

ఆ ఆదివారం ఏ ముఖంతో వదిన ఇంటికి పోయానో నాకే తెలుసు. ఆమె పళ్లెం పట్టుకుని వస్తూ వస్తూ గడప దగ్గర తూలి తలుపు పట్టుకుంది. తల తిరుగుతోందంట, నాలుగు రోజుల నుంచీ అంతేనంట. ఆమెకు బీపీ ఉంది, ఏళ్లుగా మాత్రలు వేసుకుంటోంది. మాత్రలు అయిపోయాయేమోనని అడిగితే, బొరుగుల డబ్బా మూత తీసి చూపించింది. మాత్రల అట్టలు విప్పకుండా అట్లాగే ఉన్నాయి!

"ఏంటికి వదినా?" అన్నాను.

"నువ్వు గుళ్లో సాక్ష్యం చెప్పినావు గదప్పా. నీకు చేసిన దేవుడు నాకు చేయడా అనుకున్యా. ఆ దినం నుంచి మానేసినా" అంది.

 సహోదరులారా, అన్న పోయాడు, ఇప్పుడు అన్న భార్యను నా నోటి మాటే తీసుకుపోతుందా అనిపించింది. అక్కడే మోకాళ్ల మీద పడి, నా రిపోర్టు సంగతి, నా తొందర సంగతి, ఒక్క ముక్క దాచకుండా చెప్పి ఏడ్చాను.  ఆమె గడప దగ్గర దింపిన కూర పళ్లెం వైపు చూసింది.

"నువ్వు మాటతో చేసినావు, నేను చేత్తో చేస్తాండా" అంది. "మీ అన్న అడిగినంతా పెట్నా. కొవ్వు ముక్క చూసి మరీ ఏరి పెట్నా, ప్రేమనుకున్యా. ఇప్పుడు అదే పళ్లెంలో నీకూ పెడ్తాండా. ఇంకోసారి నా చేత ఆ పని చేయించొద్దు నాయనా. మీ అన్న నాకు యాడా కనపడడు, నువ్వన్నా కనపడు."

ఆ పూట మేమిద్దరం ఏమీ తినలేదు. ఆమెను బండి మీద ఆసుపత్రికి తీసుకుపోయాను, దేవుని కృపవల్ల పెద్ద ప్రమాదం లేదన్నారు, ఆ పూటే మాత్రలు మళ్లీ మొదలయ్యాయి.

తర్వాతి ఆదివారం అదే పళ్లెంలో రాగి సంగటి ముద్ద, గోంగూర పప్పు, పక్కన ఇన్ని ఉల్లిపాయ ముక్కలు. తినడానికేముంది, చిన్నప్పుడు తిన్నదే, మా అమ్మ సంగటితోనే మమ్మల్ని పెంచింది. కానీ ముద్ద నోట్లో పెట్టుకోలేకపోయాను. సందులో ప్రతి ఇంట్లోనూ కుక్కర్లు కూస్తున్నాయి, మసాలా వాసన కిటికీలోంచి వస్తోంది, నా చెవికి మాత్రం పళ్లెం అంచున ఆ టకటక వినపడటం లేదు. అన్నను మట్టిలో పెట్టిన రోజు రాని ఏడుపు ఆ రోజు వచ్చింది. "ప్రభువా, నాకు మాంసం మీద ఆశ కాదు, మా అన్న మీద ఆశ! ఆయన్ను ఈ పళ్లెంలో వెతుక్కుంటున్నాను, ఈ పళ్లెంలో ఆయన లేడు, ఇంకెక్కడ వెతుక్కోను తండ్రీ?" అని గట్టిగానే ప్రార్థించాను. వదిన ఆమేన్ అంది. అప్పుడు తిన్నాను.

మర్నాడు పొద్దున్నే లేచి, బండి తీయకుండా, ఊరి బయట గుట్ట మీదున్న మన సమాధుల దొడ్డి దాకా నడిచాను. ఆ గుట్ట ఎక్కేసరికి మూడుచోట్ల కూర్చున్నాను, చొక్కా తడిసిపోయింది. అన్న బండ పక్కన నిలబడి ఒక ప్రార్థన చేసుకుని తిరిగొచ్చాను. మర్నాడూ పోయాను, ఎండైనా, ముసురైనా పోయాను. ఇంటి దగ్గర మా ఇంటామె జొన్నరొట్టె, ఆకుకూరలు, కొర్రన్నం, నూనె గరిటెతో కాకుండా చెంచాతో! బజ్జీల బండి దగ్గర ఆగకుండా పోతుంటే ఆ అంగడాయన "ఏమప్పా మేస్త్రీ, మా మీద అలిగినావా?" అని దినామూ ఎగతాళి చేసేవాడు, ఆ బజ్జీల వాసనకు కాళ్లు బరువెక్కేవి, అబద్ధం చెప్పను. ఒకటి రెండుసార్లు ఓడిపోయి తిన్నాను కూడా. మూడు నెలలూ నా ప్రార్థన ఒకటే. "తండ్రీ, ఈ ఒక్క పూట నన్ను నిలబెట్టు." బేరం లేదు, సాక్ష్యం చెబుతానన్న మాట లేదు.

ఒకరోజు గుట్ట మీద అన్న బండ దగ్గర నిలబడ్డాక గుర్తొచ్చింది, ఆ రోజు దారిలో ఎక్కడా కూర్చోలేదు!

మూడు నెలలకు పరీక్ష చేస్తే, సహోదరులారా, కొలెస్ట్రాల్ డాక్టరమ్మ కోరుకున్న చోటికి దిగింది! "మాత్ర ఇప్పుడొద్దప్పా. ఇట్లే తిను, ఇట్లే నడువు, ఆర్నెల్లకోసారి వచ్చి చూపించుకో" అంది. దేవునికే మహిమ! నేను బయటికొచ్చి ఆ వరండాలో నిలబడి ఏడ్చాను, సంతోషంతోనే, కానీ ఈ పరీక్ష, ఈ మాట మా అన్నకు కూడా ఒక్కసారి దొరికి ఉంటే అని. మర్నాడు పొద్దున ఆ కాగితం జేబులో పెట్టుకుని గుట్టకు పోయి ఆయనకు చదివి వినిపించాను. నవ్వితే నవ్వండి.

నన్ను చూసి ఎవరూ మాత్రలు మానకండి, చేతులు జోడించి చెబుతున్నాను! డాక్టరు చెప్పకుండా ఒక్క పూట కూడా ఆపకండి. నాకు తిండితో, నడకతో తగ్గింది, మా వదినకు మాత్రతో తగ్గుతోంది, రెండింటిలోనూ దేవుని చెయ్యి ఉంది. రేపు నాకు మాత్ర రాస్తే ప్రార్థన చేసుకుని వేసుకుంటాను, ఆ సాక్ష్యం కూడా ఇక్కడికే వచ్చి చెబుతాను.

నా ఆశ తీరిందా అంటే, తీరలేదు. ఆదివారం సందులో కుక్కరు కూస్తే ఇప్పటికీ నోరూరుతుంది, నోరూరితే అన్న గుర్తొస్తాడు. అన్న లేని ఆ సగం పళ్లెం ఇప్పుడు ఖాళీగానే ఉంచుతున్నాను, దాన్ని నింపుకోవడం నా వల్ల కాదని ఒప్పుకున్నాను. మీలో ఎవరి పళ్లెంలోనైనా అట్లాంటి ఖాళీ ఉంటే దాన్ని తిండితోనో తాగుడుతోనో నింపకండి, యేసయ్యకు చూపించండి, ఆయనకు అది తెలుసు. ఒకనాటికి తండ్రి ఇంట్లో పెద్ద విందు ఉంది, అక్కడ మా అన్న నాకు చోటు పట్టి కూర్చుని ఉంటాడు. తొందరపడి పోను, వదినకు మాటిచ్చాను, పిలిచిన రోజునే పోతాను. కానీ ఆ రోజు మా అన్న మూలుగ బొక్క పళ్లెం అంచుకు కొట్టి "తినురా, నీకే" అంటే మాత్రం, ఏ డాక్టరమ్మ చెప్పినా నేను వినను!